నాలుగూ పన్నెండుకి పడిన సంతకం

“ఆయన సంతకం ఆయనే పెట్టుకున్నారమ్మా,” అంది వీర్వే. ఈ మాట అనడం ఇది మూడోసారి. మూడుసార్లూ ఆమె నా మొహం చూడలేదు. నా బూట్ల నుంచి నేల మీదికి కారుతున్న మంచునీళ్ళనే చూస్తోంది.

సోమవారం మధ్యాహ్నం రెండూ పది. టాలిన్‌లో బ్యాంకుల పర్యవేక్షణ కార్యాలయం, మూడో అంతస్తు. వీర్వేకి అరవై ఒకటి. ఇరవై రెండేళ్ళుగా ఈ విభాగానికి సెక్రటరీ. ఆమె ‘ఆయన’ అంటున్నది హిల్లర్ ఉయ్బో గురించి. ఈ గదిలోనే కూర్చుని రన్నా బ్యాంకును తనిఖీ చేసిన అధికారి. శనివారం పొద్దున కుక్కను తిప్పుకుంటూ వెళ్ళిన ఒకావిడకి స్త్రోమి సముద్రతీరంలో, మంచులో బిగుసుకుపోయి కనబడ్డాడు. రక్తంలో నిద్రమాత్రలు ఉన్నాయన్నారు డాక్టర్లు.

నా నోటుబుక్కులో రెండు సమయాలు రాసి ఉన్నాయి. గురువారం మధ్యాహ్నం మూడూ యాభైకి గేటు దగ్గర ఉయ్బో ఆఫీసు పాసు మీద బయటికి వెళ్ళినట్టు నమోదైంది. ఆ తర్వాత లోపలికి రాలేదు. నాలుగూ పన్నెండుకి రన్నా బ్యాంకు నివేదిక మీద ఆయన గుర్తింపు కార్డుతో డిజిటల్ సంతకం పడింది. ఆ నివేదికలో ‘లోపాలేమీ కనబడలేదు’ అని ఉంది. మూడు వారాల ముందు ఆయన రాసిన ముసాయిదాలో మాత్రం వేరే సంగతి ఉంది. ఒకే చిరునామా మీద నాలుగు వందల పదకొండు విదేశీ కంపెనీలు, వాటి అసలు యజమానులెవరో బ్యాంకుకే తెలియదు, కొత్త ఖాతాలు తక్షణం ఆపించాలి.

ముసాయిదాకీ సంతకానికీ మధ్య ఏం జరిగిందో మా పోలీసు ఆర్థిక నేరాల విభాగం అప్పుడే తేల్చేసింది. మనిషి అమ్ముడుపోయాడు, సంతకం పెట్టాడు, సిగ్గుతో మాత్రలు మింగి సముద్రం ఒడ్డున పడుకున్నాడు. సాయంత్రం నాలుగింటికి కేసు మూత. రేపు పేపర్లో వార్త.

పొద్దున్నే ఆయన కూతురు మారెత్ ఫోన్ చేసింది. “నాన్న చనిపోయాడంటే ఎలాగో ఓర్చుకుంటానండీ. అమ్ముడుపోయాడని రాస్తే నా పిల్లలకి ఆయన ఫొటో చూపించలేను,” అంది. నేను ఏమీ మాట ఇవ్వలేదు. కానీ ఇక్కడికి వచ్చాను.

“వీర్వే గారూ, గురువారం ఆయన ల్యాప్‌టాప్ ఎక్కడుంది?”

“బల్ల మీదే.”

“ఆయన వెళ్ళాక కూడా?”

“వెళ్ళాక కూడా.”

“మరి కార్డు?”

వీర్వే ఉయ్బో ఖాళీ బల్ల వైపు చూసింది.

“రీడర్‌లోనే వదిలి వెళ్ళారా?”

“అందరూ అలాగే వదులుతారమ్మా. ఒక్క ఈయనే కాదు.”

“కార్డు ఉంటే సరిపోదు. ఐదంకెల పిన్ కొట్టాలి. అది ఎవరికి తెలుసు?”

వీర్వే తలుపు వైపు ఒకసారి చూసింది. తర్వాత సొరుగు లాగి ఒక పాత వంటల పుస్తకం తీసింది. పిండి మరకలున్న పేజీలు తిప్పి, యాలకుల రొట్టె చేసే విధానం వెనక వైపు నాకు చూపించింది. గుండ్రటి చేతిరాతలో పదకొండు పేర్లు. ఒక్కో పేరు పక్కన ఐదంకెలు. మొదటి పేరు హిల్లర్ ఉయ్బో.

మా దేశం కాగితాన్ని వదిలేసి ఇరవై ఏళ్ళు దాటింది. ఇల్లు కొన్నా, ఓటు వేసినా, ఫైలు మూసినా జేబులో ఉన్న కార్డూ, పిన్నూ చాలు. ఎవరు పెట్టారన్నదీ, ఏ నిమిషంలో పెట్టారన్నదీ చెరిగిపోవు. కోర్టులో ఆ సంతకాన్ని కాదనడం దాదాపు అసాధ్యం.

“నాలుగూ అయిదుకి ఫోనుకి మెసేజ్ వచ్చింది,” అంది వీర్వే. “ఆయన నంబరు నుంచే. ‘ఫైలు పంపాను, నా సంతకం పెట్టేయ్’ అని. రోజూ పెట్టేదాన్నే కదా, పెట్టేశాను.”

“చదివారా?”

“ఇరవై రెండేళ్ళలో ఒక్కటీ చదవలేదమ్మా. చదవడం నా పని కాదనుకున్నాను.” వంటల పుస్తకం మూసింది. “ఒక్కటి మాత్రం అనిపించింది. ఆయన ఎప్పుడూ ‘దయచేసి’ అని రాసేవారు. ఆ రోజు రాయలేదు. పనిలో ఉన్నారు కాబోలు అనుకున్నాను. నాలుగూ పాతికకి ఇంకో మెసేజ్. కార్డు కవర్లో పెట్టి కింద గేటు దగ్గర ఇవ్వమని. ఇచ్చాను. శనివారం శవం దొరికింది, జేబులో కార్డుందని విన్నాను. అప్పటి నుంచి ఈ పుస్తకం తెరవలేదు.”

నాకు కోపం వచ్చింది. నిజం చెప్పాలంటే ఆ కోపం నాకు హాయిగా కూడా ఉంది. మా నాన్న వోరు జిల్లాలో ట్రాక్టరు నడిపాడు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. చదువుకున్నవాళ్ళ అజాగ్రత్త చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

“ఇంటి తాళం పక్కింట్లో ఇస్తే పోయేది సామానే,” అన్నాను. “ఇది మనిషి చెయ్యి. పదకొండు మంది చేతులు కోసి మీ సొరుగులో పెట్టి భోజనాలకి వెళ్ళారు. దేశంలో బ్యాంకులు సరిగ్గా నడుస్తున్నాయా లేదా చూడాల్సిన వాళ్ళు వీళ్ళు. మీరు వద్దు అని ఒక్కసారైనా అన్నారా?”

“లేదమ్మా.” కళ్ళు తుడుచుకోలేదు, అలాగే వదిలేసింది. “నమ్మి చెప్పారు కదా అని గర్వంగా కూడా ఉండేది.”

తలుపు తట్టకుండానే రైవో కాసిక్ లోపలికి వచ్చాడు. మా విభాగంలో నాతో సమాన హోదా. ఈ కేసు మూసే బాధ్యత అతనిది. పొడి తోలు బూట్లు, పొడి కోటు. వీర్వే బల్ల మీది బిస్కెట్టొకటి అడగకుండానే నోట్లో వేసుకున్నాడు.

“ముసలావిణ్ణి ఏడిపించడానికి మంచులో పడి ఇంత దూరం వచ్చావా, త్రీనూ?”

“ఆ సంతకం ఉయ్బోది కాదు, రైవో. ఈవిడ పెట్టింది. ఆయన ఫోను నుంచి మెసేజ్ వస్తే.”

బిస్కెట్టు నములుతున్న దవడ ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ కదిలింది.

“ఆయన ఫోనే కదా? ఆయనే పంపాడు. తన చేత్తో పెట్టడానికి మొహం చెల్లక ఈవిడతో పెట్టించాడు. సిగ్గుపడేవాడు చేసే పనే అది. నా కేసు ఇంకా గట్టిపడింది. థాంక్స్.”

“కార్డు కవర్లో పెట్టించి కింద ఎవరికో ఇప్పించారు. చావబోయేవాడికి కార్డెందుకు?”

“ఆత్మహత్యలో లాజిక్కు వెతకడం మీ ఊళ్ళో నేర్పారా?”

నేను గదిలో మూలనున్న బట్టల అలమర తెరిచాను. ఉయ్బో కోటు లేదు. కింద తట్టలో ఒక జత ఎత్తు బూట్లున్నాయి. లోపల గొర్రె ఉన్ని, నలభై మూడు సైజు.

“ఇవి ఆయనవేనా?”

“ఆయనవే,” అంది వీర్వే. “చలికాలం రాగానే ఇక్కడ విప్పేసి లోపల తొడుక్కునే బూట్లు వేసుకునేవారు. అందరం అంతే. నేల పాడవుతుందని.”

“లోపలి బూట్లేవి?”

వీర్వే వంగి బల్ల కింద చూసింది. లేవు.

నా ఫోనులో శవం ఫొటోలు తీశాను. కాళ్ళకి పల్చటి నల్ల బూట్లు, నున్నటి అడుగులు. రైవో రిపోర్టులో ‘పాదరక్షలు: నల్ల తోలువి’ అని మాత్రం ఉంది. ఫొటోని వేళ్ళతో పెద్దది చేశాను.

“ఇటు చూడు. గురువారం సాయంత్రం మైనస్ తొమ్మిది. ఇక్కడి నుంచి స్త్రోమికి నాలుగు కిలోమీటర్లు. దారంతా ఉప్పు చల్లారు. ఉప్పు మంచులో పది అడుగులు వేస్తే తోలు మీద తెల్ల గీత పడుతుంది. నీకు తెలియకపోతే నా బూట్లు చూడు. ఈయన బూట్ల మీద గీతే లేదు. ఈయన నడవలేదు. ఎవరో కార్లో తీసుకెళ్ళారు.”

“ట్యాక్సీ.”

“ట్యాక్సీలో సముద్రానికి వెళ్ళేవాడు బూట్లు మార్చుకుంటాడు. కోటు మాత్రం భుజాన వేసుకుని, బూట్లు మార్చకుండా, కార్డు రీడర్‌లోనే వదిలేసి ఎవరు వెళ్తారు? ఇప్పుడే వస్తానని కిందికి దిగినవాడు. గేటు ముందు కారుంది. అందులో తెలిసిన మనిషి ఉన్నాడు.”

రైవో చేతికంటిన బిస్కెట్టు పొడి దులుపుకున్నాడు. “బూట్ల సంగతి ప్రాసిక్యూటర్‌కి చెప్పావా?”

“ఇంకా లేదు.”

“చెప్పకు. నవ్వుతుంది. శవం ఉంది, మాత్రలున్నాయి, కారణం ఉంది, నువ్వు బూట్లు పట్టుకు తిరుగుతున్నావు. ట్రాక్టరు డ్రైవరు కూతురివి, బురద తప్ప ఇంకేం కనబడుతుంది నీకు?” నవ్వుతూనే అన్నాడు. పదకొండేళ్ళుగా ఈ జోకు వేస్తూనే ఉన్నాడు. “నాలుగింటికి మూసివేత ఉత్తర్వు. ఇద్దరి సంతకాలూ కావాలి. రాలేకపోతే ఫర్వాలేదు, నేను చూసుకుంటాను.”

అతను వెళ్ళాక గదిలో ఇంకా అతని సెంటు వాసన ఉంది. వీర్వే మిగిలిన బిస్కెట్లని డబ్బాలో పెట్టి మూత గట్టిగా బిగించింది.

నేను కిందికి దిగి గేటు కాపలాదారుణ్ణి అడిగాను. గురువారం నాలుగున్నరకి కవరు తీసుకున్నది ఎవరు?

“బండి దిగలేదండీ. అద్దం దించి చెయ్యి చాపాడు. గ్లవ్ వేసుకున్నాడు. చీకటి పడింది, మొహం చూడలేదు.” కాస్త ఆగి, “నన్ను కూడా ఏమైనా చేస్తారా?” అన్నాడు. ఈ భవనంలో అందరూ అదే అడుగుతున్నారు.

నేను మళ్ళీ పైకి వచ్చేసరికి మూడూ ముప్పై ఎనిమిది. వీర్వే నా కోసం టీ, నల్ల రొట్టె మీద చిన్న చేప ముక్క తెచ్చిపెట్టింది. అంత తిట్టినదానికి. నేను దాని జోలికి వెళ్ళకుండా అలమర ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను.

ఇందాక చూడనిది ఇప్పుడు కనబడింది. బూట్లలో కాగితాలు కుక్కి ఉన్నాయి.

తడిసిన బూట్లలో కాగితం కూరితే సాయంత్రానికి ఆరతాయి. మా ఇంట్లో పొయ్యి పక్కన నాన్న బూట్లు రోజూ అలాగే ఉండేవి. భూగర్భ పార్కింగులో కారు దిగి లిఫ్టెక్కే మనిషికి ఈ సంగతి తెలియదు. శనివారం ఈ గదంతా వెతికిన రైవో ఫైళ్ళు తీసుకెళ్ళాడు, ఉయ్బో సొరుగుల్లో ఉన్నవన్నీ తీసుకెళ్ళాడు. బూట్ల వైపు చూడలేదు.

కుడి బూటులో పాత దినపత్రిక. ఎడమ బూటులో ప్రింటు తీసిన రెండు కాగితాలు. సిరా సరిగ్గా పడక నిలువునా చారలు పడ్డాయి. బాగా వచ్చిన కాపీ వెంట తీసుకెళ్ళి, పాడైన కాపీని బూటులో కుక్కాడన్నమాట. మోకాలి మీద సాపు చేసి చదివాను.

మొదటిది రెండేళ్ళనాటి ఫిర్యాదు. ఉయ్బో మా పోలీసు విభాగానికి రాసినది. రన్నా బ్యాంకు, బోగస్ కంపెనీలు, యజమానుల పేర్లు దాచడం, అన్నీ ఉన్నాయి. ఈ ఫిర్యాదు నేనెప్పుడూ చూడలేదు.

రెండోది మా విభాగం ఇచ్చిన జవాబు. ఒకే వాక్యం: ‘విచారణ ప్రారంభించడానికి ఆధారాలు లేవు.’ దాని కింద సంతకం వివరాలు. నవంబరు 14, శుక్రవారం, మధ్యాహ్నం రెండూ నలభై ఏడు. సంతకం చేసినవారు: త్రీను ఆవిక్.

త్రీను ఆవిక్ నేనే.

ఆ శుక్రవారం రెండూ నలభై ఏడుకి నేను ఆసుపత్రిలో, ఆపరేషన్ గది బయట ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నాను. మా అబ్బాయి ఊకుకి అపెండిక్స్ పగిలింది. అక్కడి నుంచే ఆఫీసుకి ఫోన్ చేశాను. ‘మూడు ఉత్తరాలు ఇవాళే వెళ్ళాలి. కార్డు రీడర్‌లో ఉంది. పిన్ రాసుకో.’ నాన్న ట్రాక్టరు నంబరది. జన్మలో మరిచిపోనని పెట్టుకున్నాను. అవతల రాసుకున్న మనిషి ‘పిల్లాణ్ణి చూసుకో, ఇక్కడ నేను చూసుకుంటాను’ అన్నాడు. సాయంత్రం నారింజపళ్ళు పట్టుకుని ఆసుపత్రికి కూడా వచ్చాడు. రైవో.

ఆ తర్వాత నేను పిన్ మార్చలేదు. మారిస్తే అతన్ని అనుమానించినట్టు ఉంటుందని.

జవాబు అంచున పెన్సిల్‌తో రెండు వరుసలున్నాయి. వీర్వే వంగి చూసి, ఆయన రాతే అంది.

‘ఆవిక్ దగ్గరికి మళ్ళీ వెళ్ళకూడదు, ఆమె వాళ్ళ మనిషి. కాసిక్‌ని నమ్మవచ్చు. గురువారం 3.50, కింద అతని కారు. రెండు నిమిషాల పని.’

నేను ఆ రెండు వరుసలూ మళ్ళీ చదివాను. ఆయన నా దగ్గరికి రావాలనుకున్నాడు. రాకుండా ఆపింది నా పేరే. నా పేరుకి భయపడి హంతకుడి కారెక్కాడు.

“ఏమైందమ్మా?”

“ఇందాక మిమ్మల్ని అన్న మాటలన్నీ వెనక్కి తీసుకోవాలి, వీర్వే గారూ.” నేల మీంచి లేచాను. “నా చెయ్యి కూడా ఒకడి సొరుగులో ఉంది. రెండేళ్ళుగా.”

చెబుతుండగానే గుర్తొచ్చింది. పొద్దున ఒక ఉత్తర్వు మీద సంతకం పెట్టి కార్డు తియ్యకుండా వచ్చేశాను. కింద గేటు దగ్గర కార్డు అడిగితే లేక, పోలీసు బ్యాడ్జీ చూపించి లోపలికి వచ్చాను. కార్డు నా బల్ల మీది రీడర్‌లోనే ఉంది. రైవో బల్ల పక్కన.

గోడ గడియారంలో మూడూ యాభై మూడు. కార్డు ఆపించే నంబరుకి ఫోన్ చేశాను. అవతల ఒక అమ్మాయి. పేరు, పుట్టిన తేదీ అడిగింది.

“కార్డు పోయిందా అండీ, దొంగిలించారా?”

“రెండూ కాదు. వేరేవాళ్ళ చేతిలో ఉంది.”

“పిన్ వాళ్ళకి తెలిసే అవకాశం ఉందా?”

“తెలుసు.”

“ఎలా తెలిసిందో చెప్పగలరా? ఇక్కడ రాయాలి.”

వీర్వే నన్నే చూస్తోంది. ఈ మధ్యాహ్నం మొదటిసారి ఆమె చూపు నా మొహం మీద ఉంది.

“నేనే చెప్పాను,” అన్నాను.

టైపు చేసే చప్పుడు వినబడింది. “మూడూ యాభై అయిదుకి ఆపేశామండీ,” అంది.

ఫోను పెట్టేలోగా మెయిల్ వచ్చింది. ఉయ్బో కేసు మూసివేత ఉత్తర్వు. ఆత్మహత్య. రెండు సంతకాలు: రైవో కాసిక్, మూడూ నలభై తొమ్మిది. త్రీను ఆవిక్, మూడూ యాభై.

అయిదు నిమిషాలు ఆలస్యం.

ఆ సంతకం నాది కాదనాలంటే ఎలా కాదో చెప్పాలి. చెబితే ఉద్యోగం ఉండదు, కేసు కూడా పెడతారు. మా ఊళ్ళో నాన్న నా డిగ్రీ పట్టా ఫ్రేము కట్టించి వంటింట్లో వేలాడదీశాడు. చెప్పకపోతే రేపు పేపర్లో మారెత్ తండ్రి అమ్ముడుపోయినవాడు.

“కాగితం ఉందా?” అన్నాను. “తెల్లది. పెన్ను కూడా.”

ఆ కార్యాలయంలో పెన్ను దొరకడానికి కాసేపు పట్టింది. వంటల పుస్తకంతో పాటు ఉన్న నీలం పెన్ను ఇచ్చింది వీర్వే. రాశాను. నవంబరు 14న నా పిన్ ఎవరికి చెప్పానో, ఎందుకు చెప్పానో, రెండేళ్ళు ఎందుకు మార్చలేదో. ఇవాళ మూడూ యాభైకి నేను ఎక్కడున్నానో. బూట్ల సంగతి, ఉప్పు గీత సంగతి, పెన్సిల్ రాతల సంగతి. చివర చేత్తో సంతకం పెట్టాను. ఎన్నో ఏళ్ళకి పెట్టానేమో, చిన్నపిల్లల రాతలా వంకరగా వచ్చింది.

“సాక్షిగా మీరు కూడా పెట్టాలి.”

వీర్వే కళ్ళజోడు తగిలించుకుని, మొదటి వరుస నుంచి చివరి దాకా వేలు పెట్టి చదివింది. నేను తొందర పెట్టలేదు. చదవడం అయ్యాక తన పేరు పూర్తిగా రాసింది.

“దీన్నీ, బూటులో కాగితాలనీ ప్రాసిక్యూటర్ చేతికే ఇవ్వండి. వెనక గేటు నుంచి వెళ్ళండి. దారిలో ఎవరు అడిగినా, బ్యాడ్జీ చూపించినా, ఇవ్వకండి.”

“ఎవరికీ ఇవ్వనమ్మా,” అంది. రొట్టె పళ్ళెం నా వైపు జరిపి, కోటు తొడుక్కోవడం మొదలుపెట్టింది.

నా ఫోను బల్ల మీద గిర్రుమంది. రైవో మెసేజ్.

‘నీ కార్డు మరిచిపోయావు, తెచ్చాను. కింద గేటు ముందు కారులో ఉన్నా. రెండు నిమిషాలు వచ్చి వెళ్ళు.’

కిటికీలోంచి చూశాను. చీకటి పడుతోంది. గేటు ముందు కారు ఇంజను ఆపలేదు, వెనకనుంచి తెల్లటి పొగ వస్తోంది. అద్దం కాస్త దించి ఉంది. ఆ సందులోంచి గ్లవ్ వేసుకున్న చెయ్యి ఒకటి బయటికి వచ్చి, నన్ను చూసినట్టే, ఒకసారి ఊగింది.

వీర్వే వెనక గేటు దాటి వెళ్ళేదాకా అతన్ని ఇక్కడే ఆపాలి. నేను కుర్చీలో కూర్చుని బూట్ల లేసులు విప్పి, మళ్ళీ మొదటి నుంచి గట్టిగా బిగించి కట్టుకున్నాను. తోలు మీద ఉప్పు గీత తెల్లగా కనబడుతోంది. దాన్ని తుడవలేదు.